మ్యాన్‌స్ప్లెయినింగ్‌కి తెలుగు మాట: తాత బదులు అవ్వ

ఆడమనిషికి తెలిసి ఉండదనుకుని, ఆమెకి తెలిసిన సంగతే మగవాడు ఆమెకి వివరించడాన్ని ఇంగ్లీషులో ‘మ్యాన్‌స్ప్లెయినింగ్’ అంటారు. దానికి తెలుగులో ఏమనాలని నిన్న ఇక్కడ ఒక సభ్యురాలు అడిగిన ప్రశ్నకి వచ్చిన జవాబులన్నీ చదివాను. ‘పురుషవ్యాఖ్యానం’ అన్నారొకరు, ‘మగబోధ’ అన్నారు మరొకరు. రెండోది తెలుగు మాటా సంస్కృతం మాటా కలిపిన మిశ్రసమాసమే, తప్పేమీ లేదు. కానీ ఒళ్ళు మండినప్పుడు నోటికి వచ్చే మాట కావాలి మనకి. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ ఏ ఆడపిల్లా ‘ఇవాళ నాకు పురుషవ్యాఖ్యానం జరిగింది’ అనదు.

ఇంగ్లీషు మాట పుట్టుక కొంచెం చెప్తాను. 2003లో అమెరికాలో ఒక విందులో ఆతిథ్యమిచ్చినాయన రెబెక్కా సోల్నిట్ అనే రచయిత్రికి, మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ మీద కొత్తగా వచ్చిన గొప్ప పుస్తకం గురించి పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. అది ఆవిడ రాసిన పుస్తకమే. పక్కనున్న స్నేహితురాలు ‘అది ఈవిడదే’ అని మూడు నాలుగుసార్లు అంటేగానీ ఆయన చెవికెక్కలేదు. ఈ సంగతి సోల్నిట్ 2008లో వ్యాసంగా రాశారు. ఆ మాట మాత్రం ఆవిడ పుట్టించింది కాదు, వ్యాసం వచ్చాక ఇంటర్నెట్‌లో జనం అల్లుకున్నది. 2018లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకీ ఎక్కింది.

ఇక నా అనుభవం. ఇరవయ్యారేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పాను. మొన్న ఒక పెళ్ళిలో శుభలేఖ మీద ఉత్పలమాల పద్యం ఉంటే, యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక అక్షరం జత కుదరడం) చక్కగా కుదిరిందని మావారితో అంటున్నాను. పక్క కుర్చీలో పెద్దమనిషి అందుకున్నారు. ‘‘చూడమ్మా, ఉత్పలమాలకి యతి పదకొండో అక్షరం. గణాలు భరనభభరవ. గణం అంటే ఏమిటంటే...’’ అని మొదలుపెట్టి గురువు, లఘువు దాకా వెళ్ళారు. ‘పదోదండీ, పదకొండు చంపకమాలకి’ అన్నాను. ఆయన నావైపు చూడనేలేదు. మావారి వైపు తిరిగి ‘‘అంతే కదా మాస్టారూ?’’ అన్నారు. మావారు బ్యాంకులో పనిచేసి రిటైరయిన మనిషి, ఛందస్సు తెలీదు. మర్యాదకి తలూపారు. ఆ తలూపుతో నా ఇరవయ్యారేళ్ళూ కొట్టుకుపోయాయి.

‘బాలరసాలసాల నవపల్లవ కోమల కావ్యకన్యకన్’ అని మనందరికీ నోటికొచ్చిన ఉత్పలమాల పాదమే. వేళ్ళ మీద లెక్కపెట్టండి. మొదటి అక్షరం ‘బా’, దానికి జత కుదిరే పదో అక్షరం ‘ప’. ఆ రోజు ఆ పాదం ఆయనకి చదివి వినిపించాను కూడా. ‘‘బాగా కంఠస్థం చేశావమ్మా’’ అన్నారు.

ఆ ‘చూడమ్మా’ని గమనించండి. కూరలమ్మే ఆవిడ ‘చూడమ్మా, లేత బెండకాయలు’ అంటే అందులో ఆప్యాయత ఉంది. ఇక్కడ ‘అమ్మా’ అదే, కానీ ‘అండి’ ఎగిరిపోయింది. నాకు ‘చేశావు’, మావారికి ‘మాస్టారూ’. మా ఇద్దరిలో పాఠాలు చెప్పింది నేను.

ఆడవాళ్ళు మాత్రం చెప్పరా అని ఒకరు అడిగారు. చెప్తారు. అత్తలు కోడళ్ళకి, చదువుకున్నవాళ్ళు పనిమనుషులకి. ‘చెప్పేవాడికి వినేవాడు లోకువ’ అనే సామెత దానికి సరిపోతుంది. కానీ మనం వెతుకుతున్నది వేరు. ఎదుట ఉన్నది ఆడమనిషి కాబట్టి ఆమెకి తెలిసి ఉండదని ముందే నిర్ణయించుకోవడం దీని అసలు స్వభావం. ఆ సామెతలో ‘వినేవాడు’ తీసి స్త్రీలింగం పెట్టబోతే ‘వినేది’ అవుతుంది. అంటే ‘వినే విషయం’ అనే అర్థం కూడా వచ్చేస్తుంది. ఏకవచనంలో స్త్రీని అమహత్తుగా (మగవాళ్ళు కానివాటి వర్గంగా) వస్తువుల పక్కన కూర్చోబెట్టిన వ్యాకరణం మనది. కాబట్టి ఆ దారి మూసుకుపోయింది.

తెలిసినవాళ్ళకి తెలియనివాళ్ళు చెప్పడం మీద నాకు గుర్తున్న మిగతా సామెతలు రాసి చూసుకున్నాను. తాతకు దగ్గులు నేర్పడం. హనుమంతుడి ముందు కుప్పిగంతులు. పుట్టింటి గొప్పలు మేనమామ దగ్గర. చూశారా, తాత, హనుమంతుడు, మేనమామ! మూడింటిలోనూ తెలిసినవాడు మగవాడే. మూడోదాంట్లోనైతే అనవసరంగా చెబుతున్నది ఆడపిల్ల. ఇది రాసుకున్న రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

అందుకని నా ప్రతిపాదన ఇది. కొత్త సమాసం కట్టక్కర్లేదు. ఉన్న సామెతలో తాతని లేపి అవ్వని కూర్చోబెడదాం. ‘అవ్వకు దగ్గులు నేర్పడం’. విన్నవాళ్ళకి పాత సామెత వెంటనే తడుతుంది, ఎందుకు మారిందో కూడా తడుతుంది. కోస్తావాళ్ళు అమ్మమ్మ అనుకున్నా సరే. మా అమ్మాయికి చెప్పాను. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం తనది. తను రాసిన ప్రోగ్రామునే కొత్తగా చేరిన అబ్బాయి తనకి వివరించాడని నిన్న ఫోన్‌లో చెబుతూ ‘‘అమ్మా, ఇవాళ మళ్ళీ అవ్వకు దగ్గులు’’ అంది. వివరం అడగక్కర్లేకపోయింది.

మీ ఊళ్ళో అవ్వనో అత్తనో పెద్దమ్మనో తెలిసినమనిషిగా పెట్టి చెప్పే సామెత వాడుకలో ఉంటే, జిల్లా పేరుతో సహా ఇక్కడ రాయండి.