నెమరు వేయని ఆవు: జబ్బా, బద్ధకమా?

లండన్ శివారులోని ఎప్పింగ్ ఫారెస్టులో పచ్చికను పొదలు కమ్మేయకుండా లాంగ్‌హార్న్ ఆవులను వదిలి మేపుతారు. కంచె ఉండదు, మెడలోని జీపీఎస్ పట్టీ హద్దు దగ్గర ముందు మోగుతుంది, అప్పటికీ ఆగకపోతే చిన్న షాక్ ఇస్తుంది. వాటి బాగోగులు చూసి రావడానికి స్వచ్ఛందంగా వెళ్తున్నాను. తలలు లెక్కపెట్టడం, కుంటుతున్నాయేమో కనిపెట్టడం అలవాటైంది. (పట్నంలో పెరిగినవాణ్ణి, అంతకుముందు పాల ప్యాకెట్టే తెలుసు.)

నిన్న ఒక ఆవు మందకు దూరంగా పడుకుని ఉంది. పావుగంట చూశాను, నెమరు వేయలేదు. చెవులు వాల్చేసింది, కంటి మీద ఈగ వాలినా విదిలించలేదు. బాధ్యులకు ఫోను చేశాను; వాళ్లు వచ్చేసరికి లేచి మేస్తోంది!

పశువులతో పెరిగినవారు చెప్పండి: జబ్బునూ విశ్రాంతినీ దూరం నుంచే ఎలా పోల్చుకుంటారు? ఈనబోయే ఆవు కూడా ఇలాగే విడిగా పోతుందా? దగ్గరకు వెళ్లి లేపి చూడవచ్చా?