అప్‌డేట్: పీఎఫ్ కంప్లైంట్‌లో మొదటి సంతకం పెట్టాలా అని అడిగింది నేనే

మూడు నెలల కిందట అడిగాను. విశాఖలో ఒక కాంట్రాక్టర్ కింద హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌ని, జీతంలో 12 శాతం పీఎఫ్ కోస్తున్నారు, పాస్‌బుక్‌లో మాత్రం పడట్లేదు అని. పెట్టేశాను సంతకం.

గాజువాక నుంచి పీఎఫ్ ఆఫీసుకి ఆరుసార్లు వెళ్లాను, ప్రతిసారీ ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్ తింటూ. కోసిన డబ్బు తర్వాతి నెల 15లోపు కట్టాలట. పే స్లిప్పులు, ఉమంగ్ యాప్‌లోని పాస్‌బుక్ ప్రింటు జత చేయమన్న మీ సలహానే పనికొచ్చింది. పీఎఫ్ చట్టం 7ఏ సెక్షన్ కింద, అంటే బకాయి ఎంతో తేల్చే విచారణ మొదలైంది. కాంట్రాక్టర్ రెండు వాయిదాలకి రాలేదు గానీ, నాలుగు నెలల బకాయి చప్పుడు చేయకుండా కట్టేశాడు. ఇంకా 14 నెలలవి ఉన్నాయి.

మీరెవరూ చెప్పనిది ఒంటి సంగతి. (నేనూ అడగలేదులెండి.) నన్ను నైట్ షిఫ్ట్‌కి మార్చారు. నిద్రలో పళ్లు ఎంత గట్టిగా కొరుకుతున్నానో, దవడ పన్ను ఒకటి చిట్లింది. బీపీ 150/100, 34 ఏళ్లకే మాత్ర. కాంట్రాక్టర్ మనిషి నంబరు ఫోన్లో కనబడితే చాలు, కడుపులో తిప్పేస్తుంది. వీటన్నిటికంటే టీ టైమ్ ఎక్కువ బాధపెట్టింది. సంతకం పెడతామన్న 11 మందిలో ఏడుగురు వెనక్కి తగ్గారు, ఇప్పుడు నేను వస్తే మాటలు ఆపేస్తారు. పిల్లల ఫీజులున్నాయి, వాళ్ల మీద నాకు కోపం లేదు. ఉంది, అబద్ధమెందుకు.

నిన్న ఒక అక్క లిఫ్ట్ దగ్గర ఆపి, "నాకూ పడ్డాయే పిల్లా, నాలుగు నెలలవి" అని చెవిలో చెప్పి వెళ్లిపోయింది.

వచ్చే వాయిదాకి ఫైలు మా ఆయన మోస్తానన్నాడు.