‘వెస్ట్ లోథియన్ ప్రశ్న’ను తెలుగులో ఏమందాం?

బ్రిటన్ రాజకీయాల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నా. అందులో పదేపదే ‘వెస్ట్ లోథియన్ ప్రశ్న’ అని వస్తోంది. అలాగే ఉంచితే చదివేవాళ్లకు ముక్క అర్థం కాదు. ‘పొరుగింటి పెత్తనం’ అంటే ఎలా ఉంటుంది? డెవల్యూషన్‌కి ‘వికేంద్రీకరణ’ అని రాశాను.

——

ముందు ఆ ‘వికేంద్రీకరణ’ తీసెయ్యండి మాస్టారూ. ఆ మాట వింటే ఆంధ్రా పాఠకుడికి మూడు రాజధానులే గుర్తొస్తాయి. ‘అధికారాల బదలాయింపు’ చాలు.

ఇక ఆ పేరు సంగతి. స్కాట్లండ్‌కు సొంత శాసనసభ ఇవ్వాలన్న బిల్లు మీద 1977లో లండన్ పార్లమెంటులో చర్చ. స్కాట్లండ్‌లోని వెస్ట్ లోథియన్ ఎంపీ టామ్ డీయెల్ (స్పెల్లింగ్ చూసి డాల్యెల్ అనకండి, పలికేది డీయెల్ అనే) సొంత లేబర్ పార్టీ బిల్లునే పట్టుకుని నిలదీశాడు. బ్లాక్‌బర్న్ అనే ఊరు ఇంగ్లండ్‌లో ఒకటుంది, ఆయన నియోజకవర్గంలో ఒకటుంది. ఇంగ్లండ్ బ్లాక్‌బర్న్ బడుల మీద ఆయన ఓటేయొచ్చు. తనను గెలిపించిన బ్లాక్‌బర్న్ బడుల మీద వేయలేడు, అవి ఎడిన్‌బరోలోని స్కాట్లండ్ శాసనసభ చేతికి పోతాయి కాబట్టి. ఇదేం న్యాయం అన్నాడు. పేరు పెట్టింది మాత్రం ఈనాక్ పవెల్ అనే మరో ఎంపీ.

——

‘పొరుగింటి పెత్తనం’ వద్దండీ, తీర్పు ముందే చెప్పేసినట్టుంటుంది. 2004 జనవరిలో ఇంగ్లండ్ యూనివర్సిటీల ఫీజులు పెంచే బిల్లు 316–311తో గట్టెక్కింది. స్కాట్లండ్ లేబర్ ఎంపీలు చెయ్యి కలపకపోతే ఓడిపోయేదే. ఆ ఫీజులు స్కాట్లండ్ యూనివర్సిటీలకు వర్తించవు. ఇంతవరకే చూస్తే పెత్తనమే. కానీ ఇంగ్లండ్‌లో ఆ పద్దు కింద ఖర్చు పెరిగినా తగ్గినా, బార్నెట్ సూత్రం ప్రకారం లండన్ నుంచి ఎడిన్‌బరోకి వచ్చే డబ్బూ మారుతుంది. తమ జేబుకు తగిలేదాని మీద ఓటేస్తే పరాయివాళ్లు అనగలమా? నేనైతే అనను.

——

ఇంతకీ దీనికి జవాబు దొరికిందా?

——

అతికించి చూశారు. 1893లో ఐర్లండ్‌కు స్వపరిపాలన ఇచ్చే బిల్లులో అప్పటి ప్రధాని గ్లాడ్‌స్టన్, ఐర్లండ్ ఎంపీలు కొన్ని విషయాలకే ఓటేసేలా ఒక నిబంధన పెట్టి, చివరికి ఆయనే వదులుకున్నాడు. 2015లో కామెరాన్ ప్రభుత్వం, ఇంగ్లండ్‌కే వర్తించే బిల్లులకు అక్కడి ఎంపీల సమ్మతి కూడా ఉండాలంది. 2021 జులైలో దాన్నీ ఎత్తేశారు.

——

మనకూ ఇలాంటిది ఒకటుండేదిగా! ‘జమ్మూ కశ్మీర్ రాష్ట్రం మినహా యావద్భారతానికి’ అని చట్టాల మొదట్లో ఉండేది. 2019కి ముందు అక్కడి ఎంపీలు తమకు వర్తించని ఆ బిల్లుల మీద కూడా లోక్‌సభలో ఓటేసేవాళ్లు. మిగతా రాష్ట్రాలకు చాలామటుకు ఒకటే అధికారాల జాబితా కాబట్టి మనకిక్కడ ఈ గొడవ పెద్దగా వినపడలేదు.

——

సరే, పేరు మార్చను. మొదటిసారి వచ్చినచోట రెండు బ్లాక్‌బర్న్‌ల సంగతి కలిపేస్తా. డీయెల్ అనే రాస్తా. అచ్చుతప్పనుకుని ఎడిటర్‌గారు దిద్దకుండా చూసుకోవాలి.