కొత్తగా ఎయిర్‌లైన్‌లో చేరుతున్నా, సామాను ఏం కొనాలి, ఏం కొనక్కర్లేదు?

గన్నవరం కుర్రాడు:
అందరికీ నమస్తే. సీపీఎల్, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సు, చేతికొచ్చి రెండేళ్లు ఖాళీగా కూర్చున్నాక ఎట్టకేలకు ఉద్యోగం వచ్చింది. ఎయిర్‌బస్ ఏ320 నడపడానికి విడిగా చేసే శిక్షణ, టైప్ రేటింగ్, అయిపోయింది, వచ్చే నెల చేరాలి, బేస్ శంషాబాద్ అన్నారు. యూట్యూబ్‌లో అమెరికా పైలట్లు బ్యాగు విప్పి ఒక్కొక్కటీ చూపిస్తుంటే నాకు చెమటలు పడుతున్నాయి. ట్రాలీకి ఒక రేటు, హెడ్‌సెట్‌కి లక్ష పైన, మళ్లీ వాచీ, చలవ కళ్లద్దాలు. ఇప్పటికే పొలం కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. మొదటి జీతం పడేలోపు నిజంగా కావాల్సినవేంటి, ఆగితే నడిచేవేంటి? ఒక హెడ్‌సెట్ ఆఫర్‌లో ఉంది, రేపటితో అయిపోతుందట, కొనేయనా? ట్రైనింగ్‌లో సెస్నా అనే చిన్న విమానం మీద వాడిన డేవిడ్ క్లార్క్ హెడ్‌సెట్ నా దగ్గర ఉంది, అది పనికిరాదా?

శంషాబాద్ ఎఫ్‌వో:
ముందు ఆ ఆఫర్ పేజీ మూసేయ్ తమ్ముడూ. సెస్నాలో నువ్వు వాడింది రెండు ప్లగ్గులది, ఒకటి చెవికి, ఒకటి మైకుకి. ఎయిర్‌బస్‌లో ఉండేది అయిదు పిన్నుల గుండ్రటి ఎక్స్ఎల్ఆర్ సాకెట్. అదే హెడ్‌సెట్ బోయింగ్ వాళ్లకి వేరే ప్లగ్గుతో అమ్ముతారు, కాబట్టి ఆఫర్ తొందరలో తప్పు రకం కొన్నవాళ్లు నాకు తెలిసే ఇద్దరున్నారు, తర్వాత అడాప్టర్ కోసం తిరిగారు. పైగా చాలాచోట్ల విమానంలోనే కంపెనీ హెడ్‌సెట్ ఉంటుంది. ప్రయాణికులున్న ఫ్లైట్లలో జరిగే లైన్ ట్రైనింగ్ మొత్తం నేను దానితోనే లాగించాను. నీ సొంతంగా కొనాల్సింది మైకు మీద తొడిగే స్పాంజి ముక్క, అంతే. పొద్దున్నించి నలుగురి నోటి దగ్గర ఉన్న స్పాంజి నీ పెదాలకి ఆనుతుంటే ఎలా ఉంటుందో మొదటి రోజే తెలుస్తుంది.

ఆరు నెలలయ్యాక, చెవుల్లో గీ అని మోత ఇంటిదాకా వస్తోంది అనిపిస్తే అప్పుడు బయటి మోతని తగ్గించే యాక్టివ్ నాయిస్ రిడక్షన్ ఉన్నది కొను. కొనేముందు ఎవరిదైనా తీసుకుని ఒక్క సెక్టార్, అంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఒక ఫ్లైట్, పెట్టుకుని చూడు. తలకాయలన్నీ ఒకే సైజు ఉండవు.

ఏటీఆర్ అక్క:
హెడ్‌సెట్ విషయంలో ఎయిర్‌బస్ వాళ్లు చెప్పే మాట మా దగ్గర చెల్లదు. ఏటీఆర్‌లో రెండు ప్రొపెల్లర్ల మోత రోజుకి ఆరు సెక్టార్లు, హైదరాబాద్ నుంచి కడప, రాజమండ్రి అంటూ తిరిగితే చెవులు దిబ్బడేసుకుపోతాయి. నేను మాత్రం మొదటి రెండు జీతాలు మంచి హెడ్‌సెట్‌కే పెట్టాను, అస్సలు బాధ లేదు. నీది ఏ320 కాబట్టి ఆగొచ్చు.

ఇంకోటి, ఈ చర్చ చదివే ఆడపిల్లలకి. జడని ముడి వేసేటప్పుడు నడినెత్తికి దగ్గరగా వేస్తే హెడ్‌సెట్ పట్టీ దాని మీదే కూర్చుంటుంది, గంటలో తలనొప్పి. మరీ వెనక్కి వేస్తే సీటు హెడ్‌రెస్ట్ తగులుతుంది. మెడకి కాస్త పైన, చిన్నగా, పిన్నులు తక్కువగా. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, సిమ్యులేటర్‌లో ఏడుపు ఒక్కటే తక్కువ.

సీమ పైలట్:
హెడ్‌సెట్లు, ట్రాలీలు తర్వాత. నీ సబ్బుల సంచీ చూసుకో ముందు. మన దేశంలో డ్యూటీకి వెళ్లగానే బ్రెత్ అనలైజర్ ఊదాలి, అక్కడ సున్నా రావాలి. ఫ్లైట్‌కి 12 గంటల ముందు నుంచి మందు ముట్టకూడదని అందరికీ తెలుసు, మందు అలవాటు లేనివాళ్లు కూడా ఇరుక్కునేది మౌత్‌వాష్ దగ్గర. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్, టూత్ జెల్ లాంటివి వాడొద్దని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లోనే రాశారు. మొదటిసారి దొరికితే లైసెన్సు మూడు నెలలు సస్పెన్షన్, రెండోసారి మూడేళ్లు.

నా సంగతి చెప్తాను. చేరిన కొత్తలో దగ్గు పట్టుకుంది. మా అమ్మ హోమియో చుక్కల సీసా బ్యాగులో పెట్టింది, పైన చీటీ అంటించి మరీ, "పొద్దున పది, రాత్రి పది" అని. ఉదయం నాలుగున్నర రిపోర్టింగ్, హోటల్ గదిలో మూత తీసి నాలుక మీద వేసుకోబోతుంటే వాసన గుప్పుమంది. ఆ చుక్కల్లో చాలావాటికి ఆధారమే ఆల్కహాల్. వేసుకోకుండా కంపెనీ డాక్టర్‌కి ఫోన్ చేశాను, ఆయన "బాబూ, నువ్వు ఇవాళ ఎగరొద్దు, దగ్గు తగ్గించుకో" అన్నారు. అప్పటినుంచి ఏ సిరప్ అయినా ముందు లేబుల్ చదవడం, ఆ తర్వాతే జేబులో పెట్టడం. శానిటైజర్ కూడా ఊదేముందు చేతులకి రాసుకోవద్దు, సబ్బుతో కడుక్కో చాలు.

గన్నవరం కుర్రాడు:
అమ్మో, మా ఇంట్లో హోమియో పెట్టె ఒకటి ఉంది. థాంక్స్ అన్నా. ట్రాలీ గురించి కూడా చెప్పండి, నాలుగు చక్రాలదా, రెండు చక్రాలదా?

శంషాబాద్ ఎఫ్‌వో:
రెండు. చర్చే లేదు.

వైజాగ్ బేస్:
చర్చ ఎందుకు లేదు? టెర్మినల్ లోపల నాలుగు చక్రాలది వేలితో తోస్తే పోతుంది, నడుం వంచక్కర్లేదు. నేను మూడేళ్లుగా అదే వాడుతున్నా.

శంషాబాద్ ఎఫ్‌వో:
టెర్మినల్ లోపల సరే బ్రో. క్రూ బస్సులో? డ్రైవర్ బ్రేకు వేసినప్పుడల్లా నాలుగు చక్రాల పెట్టెలన్నీ ముందుకి పరుగు, మనం కాళ్లు అడ్డం పెట్టి ఆపడం. వర్షంలో విమానాలు ఆపే ఏప్రన్ మీద, కేబుళ్ల మీదుగా, సిమెంటు అతుకుల మీదుగా లాగితే ఆ సన్న చక్రాలు ఎన్నాళ్లుంటాయి? రెండు పెద్ద చక్రాలది, అవి కూడా స్క్రూలు విప్పి మార్చుకునే రకమైతే ఇంకా మంచిది. లగేజ్ వర్క్స్, ట్రావెల్‌ప్రో లాంటివి అందుకే క్రూలో అంత వాడకం. కానీ కొత్తవాడికి అవి అక్కర్లేదు. మన సఫారీ, వీఐపీల్లో గుడ్డ ట్రాలీ, నల్లది, లోపలి రాడ్డు గట్టిగా ఉన్నది చూసుకుని తీసుకో. కొందరికి కంపెనీయే ఇస్తుంది, చేరేదాకా ఆగి అడుగు.

వైజాగ్ బేస్:
బస్సు సంగతి ఒప్పుకుంటాను.

ఏటీఆర్ అక్క:
ట్రాలీ ఏదైనా గుర్తు పెట్టుకోండి. అన్నీ నల్లవే, అన్నిటికీ ఒకే క్రూ ట్యాగు. ఢిల్లీలో డ్యూటీ మధ్య హోటల్‌లో ఆగినప్పుడు (లేఓవర్‌లో) నా పెట్టె అనుకుని తెరిస్తే లోపల మగవాళ్ల షేవింగ్ సామాను. నా పెట్టె అప్పటికి ఇంకో హోటల్‌కి వెళ్లిపోయింది, రాత్రి పదకొండింటికి ఇచ్చిపుచ్చుకున్నాం. ఇప్పుడు హ్యాండిల్‌కి సింహాచలం నుంచి తెచ్చిన పసుపుతాడు కట్టాను, చీకట్లో కూడా చేతికి తగులుతుంది.

బేగంపేట కాలం మనిషి:
మీ సంభాషణ చదువుతుంటే ముచ్చటేస్తోంది. నేను రిటైరై చాలాకాలమైంది. మాకు బ్యాగు ఎంచుకోవడం అనేదే లేదు, నల్ల తోలు పెట్టె, లోపల విమాన దారుల మ్యాపులు, అంటే జెప్పెసన్ చార్టుల బైండర్లు, ఎత్తితే భుజం జారేది. పాత పేజీలు తీసి కొత్తవి గుచ్చుకోవడం ఇంట్లో మా ఆవిడ చేసిపెట్టేది, ఆవిడకి నాకంటే బాగా తెలుసు ఏ ఊరి చార్టు ఎక్కడుందో. ఇప్పుడు అదంతా ఐప్యాడ్‌లోకి పోయింది, మంచిదే.

రెండు మాటలు చెప్తాను. కళ్లద్దాలు వాడేవాడివైతే, రెండో జత ఎప్పుడూ దగ్గరుండాలి. ఇది సలహా కాదు, మెడికల్ సర్టిఫికెట్ మీద రాసి ఇచ్చే షరతు. ట్రాలీలో కాదు, కూర్చున్నచోట చెయ్యి చాపితే అందాలి. చలవ కళ్లద్దాలు పోలరైజ్డ్ కొనొద్దు. దుకాణంవాడు అదే మంచిదని అంటగడతాడు. పెట్టుకుని తల కాస్త పక్కకి వంచితే ముందున్న స్క్రీన్లు నల్లబడతాయి, అద్దంలో రంగురంగుల చారలు కనిపిస్తాయి. ఎండకి రంగు మారే అద్దాలు కూడా దండగ, కాక్‌పిట్ అద్దమే ఆ కిరణాల్ని చాలావరకు ఆపేస్తుంది, ఇక అవి నల్లబడేదెప్పుడు? మామూలు గ్రే అద్దాలు, చెవి మీద కాడ సన్నగా ఉన్నవి తీసుకో, లావుగా ఉంటే హెడ్‌సెట్ కింద నొక్కుకుంటుంది.

గన్నవరం కుర్రాడు:
సర్, మీలాంటివాళ్లు రాయడం మా అదృష్టం. వాచీ గురించి కూడా చెప్పండి. రెండో టైము చూపించే జీఎంటీ ముల్లు ఉన్నది కొనాలని ఆశ.

బేగంపేట కాలం మనిషి:
ఆశ తప్పు కాదు బాబూ, కానీ మన దేశానికి ఆ ముల్లు ఇబ్బందే. విమానాల వాళ్లు ప్రపంచమంతా వాడే ఒకే టైము యూటీసీ, మన టైము దానికి అయిదున్నర గంటలు ముందు. ఆ నాలుగో ముల్లు గంటలే చూపిస్తుంది, నిమిషాల ముల్లు ఒక్కటే కదా, అరగంట నువ్వే లెక్కేసుకోవాలి. తెల్లవారుజామున బుర్ర పనిచెయ్యనప్పుడు తప్పులు అక్కడే. దానికంటే డిజిటల్‌లో రెండు టైములు చూపించే క్యాసియో చాలు. ముళ్ల వాచీయే ఉంటే మా పాత కిటుకు ఒకటుంది, తలకిందులుగా పట్టుకుని చూడు. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు తిప్పి చూస్తే ఎనిమిదిన్నర కనిపిస్తుంది. యూటీసీ అదే.

సీమ పైలట్:
సర్ ఇప్పుడే చేసి చూశా!! నాలుగేళ్లుగా ఎగురుతున్నా, ఇది తెలీదు.

వైజాగ్ బేస్:
పేద్ద వస్తువుల గురించి అందరూ చెప్పారు, చిన్నవి నేను చెప్తా. టార్చి. ఫోన్ లైటు కాదు, జేబులో పట్టే గట్టి టార్చి. రాత్రి ఎగిరేముందు విమానం చుట్టూ తిరిగి చూసే వాక్‌అరౌండ్‌లో, బ్రేకులు ఎంత అరిగాయో చెప్పే వేర్ పిన్ ఎంత బయటికుందో చూడాలంటే చక్రాల మధ్యకి వెలుగు పడాలి, ఫోన్ పట్టుకుని వంగితే ఫోన్ కింద పడుతుంది. దానికి స్పేర్ సెల్స్. విమానం తోకలో ఉండే చిన్న ఇంజన్, ఏపీయూ, మోతకి నురగ ఇయర్‌ప్లగ్గులు, డబ్బా కొంటే ఏడాది వస్తాయి. చలికాలం ఢిల్లీలో తెల్లవారుజామున పొగమంచులో విమానం చుట్టూ తిరగాలంటే చొక్కా కింద థర్మల్ ఉండాల్సిందే, మన కోస్తావాళ్లకి ఆ చలి కొత్త. పవర్ బ్యాంక్ 20,000 ఎంఏహెచ్ దాకా భయం లేదు, అది 74 వాట్ అవర్లు, పరిమితి 100. ఎప్పుడైనా బ్యాగు కింద సామాను అరలో (హోల్డ్‌లో) వెయ్యమంటే మాత్రం ముందు దాన్ని తీసి చేతిలో పెట్టుకో. పెన్నులు బాల్ పాయింటువే.

బూట్ల మీద మాత్రం పీనాసితనం వద్దు. కింద రబ్బరు సోల్, లోపల ఇనుప ముక్క లేనిది. ఇనుము ఉంటే సెక్యూరిటీ దగ్గర రోజుకి నాలుగుసార్లు బూట్లు విప్పి కట్టుకుంటూ ఉంటావు.

శంషాబాద్ ఎఫ్‌వో:
చిన్న బ్యాగు గురించి ఎవరూ చెప్పలేదు. ఏ320లో సీటుకి కిటికీ వైపు బ్యాగు పెట్టే చోటుంటుంది, వెడల్పు తక్కువ. వీపు బ్యాగు తెస్తే అది ఒరిగిపోతుంది, జిప్పు ఎటుందో వెతుక్కోవాలి. పైనుంచి తెరుచుకునేది, తనంతట తను నిలబడేది తీసుకో. అందులో ఐప్యాడ్, ఛార్జర్, రెండో కళ్లజోడు, టార్చి, నీళ్ల సీసా, పాస్‌పోర్టు, మెడికల్, లైసెన్సు. 2025లో ఎలక్ట్రానిక్ లైసెన్సు వచ్చాక ఫోన్‌లోనే చూపించొచ్చు, అయినా నేను కాగితం కాపీ ఒకటి అట్టే పెట్టుకుంటాను, ఫోన్ చార్జింగ్ ఎప్పుడు అయిపోతుందో ఎవరికి తెలుసు.

ఏటీఆర్ అక్క:
తిండి సంగతి రాయకపోతే తెలుగువాళ్ల చర్చ ఎలా అవుతుంది? ఆవకాయ సీసా ట్రాలీలో పెట్టొద్దు. నేను పెట్టాను. క్యాబిన్‌లో గాలి పీడనం పైకి వెళ్లేకొద్దీ తగ్గుతుంది, కొన్ని విమానాల్లో ఎనిమిది వేల అడుగుల ఎత్తు దాకా ఉన్నట్టు ఉంటుంది. కింద మూత బిగించినప్పుడు సీసాలో చిక్కిన గాలి పైన ఉబ్బి నూనెని మూత సందుల్లోంచి తోసేస్తుంది. హోటల్లో పెట్టె తీస్తే మూడు తెల్లచొక్కాల్లో రెండింటి కాలర్లు ఎర్రగా, గది మొత్తం ఆవపిండి వాసన. మర్నాడు ఉన్న ఒక్క చొక్కాతో వెళ్లాను, కో-పైలట్ సీట్లో కూర్చోగానే కెప్టెన్ గారు ముక్కు ఎగబీల్చి "ఏ ఊరమ్మా మీది" అన్నారు. గుంటూరని చెప్పాను, వచ్చేసారి తనకీ తెమ్మన్నారు.

పొడులు తీసుకెళ్లు. కందిపొడి, కరివేపాకు కారం, చిన్న స్టీలు డబ్బాల్లో. నెయ్యి కావాలంటే ఆ పూటకి సరిపడా. ఏ హోటల్‌లో అయినా తెల్లన్నం దొరుకుతుంది. చొక్కాలు ఒకటి ఎక్కువే పెట్టుకో, డ్యూటీల పట్టికలో (రోస్టర్‌లో) రెండు రోజులని రాసినా మూడో రోజుకి మారుతుంది.

గన్నవరం కుర్రాడు:
అందరికీ దండాలు. ఇవాళ సాయంత్రం బీసెంట్ రోడ్డుకి వెళ్లి బూట్లు, టార్చి, రెండు థర్మల్స్ కొన్నాను. క్యాసియో మా తమ్ముడిది లాక్కున్నాను. మౌత్‌వాష్ పారబోశాను. హెడ్‌సెట్ ఆఫర్ పోయింది, పోనీ. ఇప్పుడు ఒక చిక్కొచ్చింది. ఉద్యోగం వచ్చిందని మా మేనమామ ట్రాలీ బహుమతిగా తెచ్చాడు. నాలుగు చక్రాలు, గట్టి ప్లాస్టిక్ డొప్ప, మెరిసే ఎరుపు. ఊరంతా తిప్పి చూపించాడు. ఇది పట్టుకుని డ్యూటీకి వెళ్లొచ్చా?

శంషాబాద్ ఎఫ్‌వో:
వెళ్లొచ్చు, మర్నాడు నీ ఫొటో అన్ని క్రూ గ్రూపుల్లో ఉంటుంది. 😂 మామయ్యకి మాత్రం చెప్పకు, పెద్దాయన బాధపడతాడు. పెట్టె అమ్మకిచ్చి తిరుపతి పంపించు.

గన్నవరం కుర్రాడు:
అమ్మ ఇప్పటికే నా గదిలోంచి తీసుకుపోయింది అన్నా, తాళం నంబర్ కూడా మార్చేసింది.