సిర్రోసిస్‌తో ఉన్న నాన్నకు పొట్టలో నీరు సూదితో తీసి పరీక్షిస్తామంటున్నారు. ఒప్పుకోవాలా?

చిన్నకూతురు:
అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 61 ఏళ్లు. మందు అలవాటు వల్ల లివర్ సిర్రోసిస్ (లివర్ గట్టిపడి పాడైపోవడం) వచ్చిందన్నారు. అది తెలిశాక మందు పూర్తిగా మానేశారు. ఇప్పుడు పొట్ట బాగా ఉబ్బి, కాళ్లు వాచిపోతే ఆసుపత్రిలో చేర్చాం. జ్వరం లేదు, నొప్పి లేదు. కానీ నిన్నటి నుంచి మనిషి తేడాగా ఉన్నారు. పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ. పొద్దున నన్ను అక్క పేరుతో పిలిచారు.

వార్డు డాక్టర్ ఈ రోజే సూదితో పొట్టలోంచి కొంచెం నీరు తీసి ల్యాబ్‌కి పంపాలంటున్నారు. రిపోర్టులో ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతుందో చూపే అంకె) 1.9, ప్లేట్‌లెట్లు 62 వేలు ఉన్నాయి. రక్తం ఆగదేమోనని అమ్మకు టెన్షన్. బాబాయేమో ముందు యాంటీబయాటిక్స్ ఇచ్చి రెండ్రోజులు చూద్దాం అంటున్నారు. సంతకం నన్ను పెట్టమంటున్నారు.

ఇంకో రెండు సందేహాలు. లాక్టులోజ్ అనే తియ్యటి సిరప్ మొదలుపెట్టినప్పటి నుంచి విరేచనాలు అవుతూనే ఉన్నాయి, నాన్న నీరసించిపోయారు. ఆపేయమని అడగొచ్చా? ఈ తికమక, లివర్ శుభ్రం చేయలేక రక్తంలో పేరుకున్న అమ్మోనియా వల్లే అంటున్నారు కదా, మరి రక్తంలో అమ్మోనియా పరీక్ష చేయలేదేం?

గ్యాస్ట్రోవార్డు:
ఒప్పుకోండి. ఈ రోజే చేయించండి. మిగతాది సంతకం పెట్టాక తీరిగ్గా చదవండి.

నేను గ్యాస్ట్రో వార్డులో పనిచేసే డాక్టర్ని. మీ నాన్నగారిని చూడలేదు కాబట్టి ఏ మందు ఎంత అనేది ఇక్కడ చెప్పను. మీరు పొట్ట ఉబ్బు గురించి అడిగారు గానీ, నాకు కంగారు పుట్టించింది మిమ్మల్ని అక్క పేరుతో పిలవడం.

సిర్రోసిస్ ఉన్నవాళ్లకు పొట్టలో చేరిన నీటికి ఇన్ఫెక్షన్ సోకినా జ్వరం రావాలని లేదు, నొప్పి ఉండాలనీ లేదు. కొందరిలో పైకి కనిపించేది తికమక ఒక్కటే. ఇంకొందరిలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష అంకె) పెరగడం తప్ప ఏమీ ఉండదు. పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి ఇన్ఫెక్షన్ లేదని ఎవరూ చెప్పలేరు, ఎంత అనుభవం ఉన్నా సరే. అందుకే పొట్టలో నీటితో చేరిన ప్రతి సిర్రోసిస్ పేషెంటుకూ, లక్షణాలున్నా లేకున్నా, వీలైనంత త్వరగా శాంపిల్ తీస్తాం. 12 గంటలు దాటనిస్తే ప్రాణాపాయం పెరుగుతుంది.

తీసిన నీటిలో మేం మొదట చూసేది న్యూట్రోఫిల్ కణాల (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాల) లెక్క. ఘన మిల్లీమీటరుకు 250 దాటితే ఇన్ఫెక్షన్ కిందే లెక్క. కల్చర్ (క్రిమిని పెంచి గుర్తించే పరీక్ష) రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెడతాం. ఆ కల్చర్ కోసం నీటిని మంచం దగ్గరే బ్లడ్ కల్చర్ సీసాల్లో పోయాలి. మామూలు డబ్బాలో ల్యాబ్‌కి పంపితే క్రిమి ఉన్నా పెరగకపోయే అవకాశం ఎక్కువ. బాబాయి గారి మాట విని ముందే యాంటీబయాటిక్ ఇస్తే అదీ అంతే. క్రిమి పేరు దొరకదు, ఏ మందుకు లొంగుతుందో తెలియదు.

అదే శాంపిల్‌లో అల్బుమిన్ అనే ప్రోటీన్ కూడా చూస్తారు. రక్తంలోని అల్బుమిన్ నుంచి నీటిలోని అల్బుమిన్ తీసేస్తే డెసిలీటరుకు 1.1 గ్రాములు, ఆపైన వస్తే పోర్టల్ సిరలో (పేగుల నుంచి లివర్‌కు రక్తం తెచ్చే నాళంలో) ఒత్తిడి వల్ల చేరిన నీరని అర్థం. తక్కువ వస్తే టీబీ, క్యాన్సర్ లాంటివి వెతకాలి. సిర్రోసిస్ అని ముందే తెలుసు కదా అని వదిలేయకూడదు, ఒకే మనిషికి రెండు జబ్బులు ఉండొచ్చు.

అమ్మోనియా సంగతి. లివర్ వల్ల వచ్చే తికమకను మేం గుర్తుపట్టేది మనిషిని చూసి, మాట్లాడించి, చేతులు ముందుకు చాపమంటే మణికట్లు టపటపా జారిపోతున్నాయా అని గమనించి. అమ్మోనియా అంకెను బట్టి సిరప్ మోతాదు మార్చం. అంకె మామూలుగా ఉంటే మాత్రం తికమకకు ఇంకేదైనా కారణం ఉందేమో ఆలోచించాలి. అంతకు మించి దాని ఉపయోగం తక్కువ, శాంపిల్‌ను ఐస్‌లో పెట్టి వెంటనే పంపకపోతే అంకే తప్పుగా వస్తుంది.

సిరప్ ఆపించకండి. అమ్మోనియాను విరేచనంతో బయటికి పంపేది అదే. ఉత్త మలబద్ధకం మందు అనుకుని ఇంటివాళ్లే ఆపేయడం, మనిషి మళ్లీ మగతలోకి వెళ్లడం వార్డులో తరచూ చూస్తాం. లక్ష్యం రోజుకు రెండు మూడు మెత్తటి విరేచనాలు. నీళ్లలా ఆరేడు అవుతుంటే మోతాదు ఎక్కువైనట్టే. ఒంట్లో నీరు తగ్గి, పొటాషియం పడిపోయి, తికమక ఇంకా ముదురుతుంది. ఎన్నిసార్లు, ఎలా అయ్యాయో కాగితం మీద రాసి రౌండ్స్‌లో చూపించండి. ‘చాలాసార్లు అవుతున్నాయండీ’ అంటే మేం ఏమీ మార్చలేం.

విరేచనం నల్లగా తారులా ఉంటే మాత్రం రౌండ్స్ దాకా ఆగొద్దు, వెంటనే నర్సుకు చెప్పండి. లోపల రక్తం పోతుందేమో చూడాలి. తికమకకు అదీ ఒక కారణమే.

నిమ్మచెట్టు:
ఐఎన్ఆర్ 1.9 తో సూది గుచ్చడమా? ముందు ప్లాస్మా (గడ్డకట్టించే ప్రోటీన్లుండే రక్తద్రవం), ప్లేట్‌లెట్లు ఎక్కించి ఆ తర్వాత తీయమని అడగండి. మా బంధువు ఒకాయనకు అలాగే చేశారు.

గ్యాస్ట్రోవార్డు:
నిమ్మచెట్టు గారూ, చాలాచోట్ల ఇప్పటికీ అలా చేస్తున్నారు, కాదనను. కానీ అవసరం లేదు. లివర్ దెబ్బతిన్నప్పుడు రక్తం గడ్డకట్టించే ప్రోటీన్లతో పాటు గడ్డకట్టకుండా ఆపేవీ తగ్గుతాయి. ఐఎన్ఆర్ మొదటి రకం లోటునే చూపిస్తుంది, రెండో రకాన్ని చూడదు. అందుకే సిర్రోసిస్‌లో ఆ అంకెను బట్టి సూది పెడితే రక్తం కారుతుందో లేదో చెప్పలేం. ఈ పరీక్షలో పెద్ద రక్తస్రావం వందలో ఒకరికి కూడా జరగదు. సాధారణంగా ఎడమ వైపు కింద గుచ్చుతారు. అల్ట్రాసౌండ్‌తో చూసి చేస్తే ఇంకా నిశ్చింత.

పైగా ప్లాస్మా ఎక్కిస్తే రక్తం పరిమాణం పెరిగి పోర్టల్ సిరలో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. అది వచ్చి, ఎక్కించి, ఐఎన్ఆర్ మళ్లీ చూసేసరికి సాయంత్రమవుతుంది. మేం కాపాడుకోవాలనుకునేది ఆ సమయాన్నే.

పాతడైరీ:
మా వారికి ఇదే జబ్బు. డాక్టర్ గారు చెప్పినవాటికి పక్కన కూర్చునే మనిషిగా రెండు మాటలు కలుపుతాను. రోజూ పొద్దున ఒకే కాగితం మీద ఆయనతో సంతకం పెట్టించండి. తికమక మొదలయ్యే ముందే అక్షరాలు వంకర పోతాయి. మాటల్లో తేలని తేడా అక్కడ కనిపించేది నాకు.

రెండోది నిద్రమాత్ర. రాత్రంతా కలవరిస్తున్నారని జాలిపడి మీరే అడిగి వేయించకండి. ఒళ్లునొప్పులకు వేసే మాత్రలు కూడా డాక్టర్‌ని అడగకుండా వద్దు, కిడ్నీలు దెబ్బతింటాయని మాకు గట్టిగా చెప్పారు. మాంసకృత్తులు పెడితే తికమక పెరుగుతుందని చుట్టాలు భయపెట్టారు. డైటీషియన్ మాత్రం కండ కరిగిపోతోంది, ఎక్కువే పెట్టండి, పడుకునే ముందు కూడా ఏదో ఒకటి తినిపించండి అన్నారు.

చిన్నకూతురు:
అందరికీ చాలా థాంక్స్. సంతకం పెట్టేశాను. పది నిమిషాల పని, చిన్న ప్లాస్టర్ వేశారు అంతే. న్యూట్రోఫిల్స్ 480 వచ్చాయి. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు, అల్బుమిన్ సీసాలు ఎక్కిస్తున్నారు. సిరప్ సగానికి తగ్గించారు. నాన్న ఈ పూట నన్ను సరిగ్గానే పిలిచారు.

కానీ పొట్ట ఇంకా అలాగే ఉంది. గుచ్చినప్పుడే మొత్తం తీసేయొచ్చు కదా? పైగా నీటి మాత్రలు (ఒంట్లో నీటిని మూత్రంలో పంపేవి) కూడా ఆపేశారు. బాబాయి తాగే నీళ్లు తగ్గించమంటున్నారు. ఇంత ఖరీదైన అల్బుమిన్ నిజంగా కావాలా అని కూడా అడుగుతున్నారు.

గ్యాస్ట్రోవార్డు:
పేరు సరిగ్గా పిలిచారంటే మంచి కబురే.

అల్బుమిన్ నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే ఇంట్లోవాళ్లు వద్దనుకునేది ముందు దాన్నే. ఈ ఇన్ఫెక్షన్‌లో చాలామంది ప్రాణం మీదికి వచ్చేది కిడ్నీలు చేతులెత్తేయడం వల్ల. మొదటి రోజు కిలో బరువుకు 1.5 గ్రాములు, మూడో రోజు 1 గ్రాము చొప్పున అల్బుమిన్ ఇస్తే కిడ్నీలు దెబ్బతినడమూ మరణాలూ తగ్గాయని 1999లోనే తేలింది. మూడో రోజు డోసు మర్చిపోకుండా అడగండి. మొదటి రోజు హడావిడిలో ఇచ్చి, మూడో రోజుది వదిలేసే వార్డులున్నాయి. ఇచ్చేటప్పుడు ఆయాసం వస్తే వెంటనే చెప్పాలి, ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంది.

నీరు మొత్తం తీయకపోవడం, నీటి మాత్రలు ఆపడం రెండూ కూడా కిడ్నీల కోసమే. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఒంట్లోంచి నీరు ఒక్కసారిగా లాగేస్తే బీపీ పడిపోతుంది. రెండ్రోజులు పోయాక మళ్లీ ఒక చిన్న శాంపిల్ తీసి కణాల లెక్క తగ్గిందో లేదో చూస్తారు. కనీసం నాలుగో వంతు తగ్గకపోతే యాంటీబయాటిక్ మార్చాలి. అంతా కుదుటపడ్డాక పొట్ట బిగుతుగానే ఉంటే అప్పుడు తీస్తారు. 5 లీటర్లు దాటి తీస్తే లీటరుకు 8 గ్రాముల చొప్పున మళ్లీ అల్బుమిన్ ఇవ్వాలి.

తాగే నీళ్లు తగ్గించక్కర్లేదు, రక్తంలో సోడియం 125 కంటే పడిపోతే తప్ప. తగ్గించాల్సింది ఉప్పు. రోజంతటికీ ఒక చిన్న చెంచాకు మించకూడదు.

డిశ్చార్జ్ రోజు మూడు విషయాలు అడగండి. ఇది మళ్లీ రాకుండా రోజూ వేసుకునే యాంటీబయాటిక్ రాశారా? ఆహారనాళంలో ఉబ్బిన సిరల కోసం ఎండోస్కోపీ ఎప్పుడు? మూడోది అడగడానికి చాలామంది జంకుతారు: లివర్ మార్పిడికి ఎవరికి చూపించాలి? ఈ ఇన్ఫెక్షన్ ఒకసారి వచ్చిందంటే ఆ మాట ఎత్తాల్సిందే. ఆయన మందు మానేశారు కాబట్టి తలుపులు మూసుకుపోలేదు. ఎప్పుడు మానేశారో కేసు షీట్‌లో రాయించండి, అక్కడ మొదట అడిగేది అదే.