ఉప్పు కప్పురంబు: రెండో పాదం ఎలా?

అట్లాంటా అబ్బాయి: నిన్న మా ఇంట్లో అమెరికన్ ఫుట్‌బాల్ గొడవ: క్వార్టర్‌బ్యాకుల్లో (జట్టును నడిపిస్తూ బంతి విసిరేవాళ్లు) బ్రేడీ గొప్పా, మొంటానా గొప్పా అని. క్వార్టర్‌బ్యాకులంతా ఒకటే అని ఎవరో అంటే వేమన పద్యం 'ఉప్పు కప్పురంబు' ఎత్తుకున్నాను. రెండో పాదం 'చూడ చూడ రుచుల'నా, 'చూడగాను రుచుల'నా? తడబడి పరువు పోగొట్టుకున్నాను.

ఛందోభూతం: గణాలతో తేలదు, ఎలా చదివినా మొదట రెండు హగణాలే (గురువు, లఘువు). చూడ–జాడ ప్రాసయతీ (రెండో అక్షరం 'డ' కలవడం) రెండింటికీ కుదురుతుంది. నా ఓటు 'చూడ చూడ'కే. 'తినగ తినగ వేము' అన్న నోరే కదా! అసలు బ్రేడీకి పాడాల్సింది ఆ పద్యం. 2000 డ్రాఫ్టులో (జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే చోట) 199వ వాడు. 23 సీజన్లు ఆడగా ఆడగా 7 సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) విజయాలు.

బందరు మాస్టారు: పాఠం సరే, 'చూడ' అంటే ఏమిటో ఎవరూ పట్టించుకోరేం? మనం రుచిని కూడా 'చూస్తాం' నాయనా. పోలిక కంటికి, జాడ నాలుకకి. 1984లో మారినో అనే క్వార్టర్‌బ్యాక్ పాసులతో 48 టచ్‌డౌన్లు (స్కోర్లు), 5,084 గజాలు. కంటికి పండగే. సూపర్ బౌల్ గెలిస్తే ఇచ్చే రింగు మాత్రం ఎన్నడూ రాలేదు. మొంటానా 4 సూపర్ బౌల్స్‌లో 122 సార్లు విసిరి ఒక్క ఇంటర్‌సెప్షన్ (ప్రత్యర్థికి చిక్కిన పాసు) ఇవ్వలేదు. రుచి చూడటమంటే అదీ.

కాన్సాస్ కోడలు: రింగులే రుచి అయితే పాతకాలం క్వార్టర్‌బ్యాక్ ఒట్టో గ్రాహంని మరిచారేం మాస్టారూ? 10 సీజన్లు, పదింట్లోనూ ఫైనల్, 7 టైటిల్స్. మా క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ ఇంకా మూడు రింగుల దగ్గరే ఉన్నాడు, ఒప్పుకుంటాను. అయినా మూడో పాదంలో వేమన 'పుణ్యపురుషులు' అన్నాడు. బహువచనం! ఒక్కడే గొప్పని ఆయన అనలేదు.

బందరు మాస్టారు: అమ్మాయ్, అది ఛందస్సు కోసం.

ఛందోభూతం: కాదు మాస్టారూ. 'పురుషుడు' అన్నా నాలుగు లఘువులే, అదే నలగణమే. కావాలనే బహువచనం వేశాడు.

బందరు మాస్టారు: సరే, ఈ పాయింటు నీది. మరి ఇందులో ఉప్పెవరు, కప్పురమెవరు? ఉప్పు లేకపోతే కూర దిగదు. కప్పురం చిటికెడు ఎక్కువైతే పాయసం పారబోయాలి. ఏది గొప్పో పద్యంలో ఎక్కడుంది?

అట్లాంటా అబ్బాయి: అయ్యా, నేనడిగింది 'చూడ చూడ'నా, 'చూడగాను'నా అని. ఆదివారం మళ్లీ అందరూ వస్తున్నారు.

ఛందోభూతం: దాన్ని పక్కన పెట్టండి. మూడో పాదం చివర 'వేరయా' అన్నారా, 'వేరయ' అన్నారా? రగణమూ ఇంద్రగణమే, భగణమూ ఇంద్రగణమే, రెండూ అక్కడ చెల్లుతాయి.