"సూర్యుడింకా పడుకోలేదు కదా" అంటోంది. పిల్లల్ని ఎన్నింటికి పడుకోబెడుతున్నారు?

రెండుజడలు (చర్చ మొదలుపెట్టినవారు)

పెద్దదానికి నాలుగున్నరేళ్ళు, చిన్నాడికి ఇరవై నెలలు. చలికాలమంతా ఏ పేచీ లేదు. ఏడున్నరకి లైటు తీసేస్తే ఎనిమిదికల్లా ఇద్దరూ పడుకునేవాళ్ళు. వసంతం వచ్చి పొద్దు పెరిగింది, నా కష్టాలూ పెరిగాయి. ఏడున్నరకి కిటికీ అవతల ఇంకా వెలుతురే.

నిన్న కర్టెన్ పూర్తిగా లాగి పడుకోబెట్టానా, పెద్దది మెల్లగా లేచి కర్టెన్ అంచు ఒక్క వేలితో ఎత్తింది. గోడ మీద జానెడు ఎండ పడింది. "సూర్యుడింకా పడుకోలేదు కదమ్మా, నేనెందుకు పడుకోవాలి?" అంది. చిన్నాడేమో మంచం మీద నించుని ఆ ఎండని పట్టుకుందామని గోడని గోకుతున్నాడు. కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు.

మా ఆయన "వెలుగుంటే ఆడుకోనీ, ఓ గంట ఆలస్యమైతే కొంపలు మునగవు" అంటారు. నాకేమో ఒకసారి వేళ తప్పితే మళ్ళీ దారిలో పెట్టడం నా వల్ల కాదని భయం. మీ ఇళ్ళల్లో ఎలా? గడియారం చూస్తారా, కిటికీ చూస్తారా?

చీకటిగది

గడియారమే. ఇందులో చర్చించేందుకేమీ లేదు.

కంటికి గట్టి వెలుగు తగులుతుంటే ఒంట్లో మెలటోనిన్ ఊరడం తగ్గిపోతుంది. నిద్రవేళ అయిందని ఒంటికి చెప్పేది అదే. పసిపిల్లల మీద ఈ ప్రభావం మనకంటే ఎక్కువ, వాళ్ళ కంటిలో కటకం తేటగా ఉంటుంది, వెలుగు బాగా లోపలికి పోతుంది. 2018లో కొలరాడో యూనివర్సిటీ వాళ్ళు మూడు నుంచి ఐదేళ్ళ పిల్లల్ని పడుకునే ముందు గంటసేపు గట్టి వెలుగులో కూర్చోబెట్టి చూశారు. మెలటోనిన్ 88 శాతం పడిపోయింది. ఆ వెలుగు తీసేసిన 50 నిమిషాలకి కూడా చాలామందికి కోలుకోలేదు.

కాబట్టి మందపాటి నల్ల కర్టెన్ వేయండి. మీ అమ్మాయి అంచు ఎత్తుతోంది కదా, అంచులు గోడకి అంటుకునేలా టేపు వేసేయండి. నేను వేశాను. మా వాళ్ళకి ఐదేళ్ళు, రెండేళ్ళు. ఏడుంపావుకి గదిలో ఉంటారు, ఏడున్నరకి నిద్రలో ఉంటారు. ఏ కాలమైనా సరే.

గోడమీదపిల్లి

టేపా!

ఆరుబయట

రెండుజడలు గారూ, మీవారి మాటే నా మాట. చలికాలమంతా నాలుగు గోడల మధ్య మగ్గిన పిల్లలండీ. ఇప్పుడిప్పుడే స్వెటర్లు విప్పారు. నాకూ ఇద్దరే, ఐదేళ్ళ బాబు, మూడేళ్ళ పాప. సాయంత్రం బయటికి వదిలితే చీమల బారు వెంట అరగంట నడుస్తారు. మా పాప నిన్న ఒక చీమ దారి తప్పిందని దాన్ని ఆకు మీద ఎక్కించుకుని తీసుకెళ్ళి బారులో కలిపింది. ఇది ఏ నల్ల కర్టెన్ వెనక దొరుకుతుంది?

ఇక లెక్కలే కావాలంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ళలోపు పిల్లలకి సూచనలిచ్చింది. మూడు, నాలుగేళ్ళ వాళ్ళకి నిద్ర 10 నుంచి 13 గంటలు. పది నుంచి పదమూడు దాకా! ఎనిమిదిన్నరకి పడుకుని ఆరున్నరకి లేస్తే పది గంటలైంది. అదే కాగితంలో రోజుకి 180 నిమిషాలు ఒళ్ళు కదలాలని కూడా ఉంది. దాన్నెవరూ చదవరు.

కళ్ళ సంగతి కూడా చూడండి. చైనాలో గ్వాంగ్‌జౌ బడుల్లో పిల్లల్ని రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచారు. మూడేళ్ళలో వాళ్ళలో 30.4 శాతం మందికి హ్రస్వదృష్టి వచ్చింది, అలా ఉంచని బడుల్లో 39.5 శాతం మందికి. 2015లో వచ్చిన లెక్క ఇది.

చీకటిగది

ఒకటి. గ్వాంగ్‌జౌ పిల్లలు ఆరేడేళ్ళ వాళ్ళు, బడి రోజుల్లో పట్టపగలు బయట ఉంచారు. రాత్రి ఏడున్నరకి కాదు. పగలు ఆడించొద్దని నేనెక్కడన్నాను?

రెండు. నాలుగేళ్ళ పిల్ల లెక్క చెప్పి ఇరవై నెలల పిల్లాడి లెక్క మింగేశారు. ఒకటి నుంచి రెండేళ్ళ వాళ్ళకి అదే కాగితంలో 11 నుంచి 14 గంటలు. పగటి కునుకు కలిపే అనుకోండి. అయినా మీ పది చాలదు.

మూడు. పది అనేది కింది హద్దు. అందరు పిల్లలకీ కింది హద్దు సరిపోతుందా? ప్యాస్ మార్కులొస్తే చాలనుకునే రకమా మీరు?

ఆరుబయట

మీ కొలరాడో పరీక్షలో పిల్లలు ఎంతమందో చెప్పలేదేం? పదిమంది. మా పాప పుట్టినరోజుకి అంతకంటే ఎక్కువమంది వచ్చారు. పైగా ఆ పదిమందినీ ఆ రోజంతా మసక వెలుతురులో ఉంచి సాయంత్రం ఒక్కసారిగా గట్టి వెలుగు చూపించారు. చీకట్లోంచి వచ్చినవాడికి అగ్గిపుల్ల కూడా సూర్యుడే. పగలంతా ఎండలో తిరిగిన పిల్లలకి అదే లెక్క పనికొస్తుందా?

గోడమీదపిల్లి

ఇద్దరూ పట్టిన కుందేళ్ళకి మూడేసి కాళ్ళు. మొత్తం ఆరు.

నక్షత్రకుడు

అసలు మీ ఇద్దరూ ఏ అక్షాంశం మీద ఉన్నారో చెప్పకుండా "ఏడింటికి వెలుగు" అని కొట్టుకుంటున్నారు. భూమధ్యరేఖ మీద ఏడాది పొడుగునా పగలు దాదాపు పన్నెండు గంటలే. పైకి పోయేకొద్దీ తేడా పెరుగుతుంది. యాభయ్యో అక్షాంశం దగ్గర మార్చి నెలలో పగలు రోజుకి దగ్గర దగ్గర నాలుగు నిమిషాలు పెరుగుతుంది. కొన్ని దేశాల్లో అది చాలదన్నట్టు గడియారాన్నే గంట ముందుకు జరుపుతారు. ఒకరికి ఆరున్నరకి పొద్దుగూకుతుంది, ఇంకొకరికి ఎనిమిదైనా గూకదు. ముందు ఎవరెవరికి ఎప్పుడు గూకుతుందో రాయండి.

పాతకాపు

నేను పెద్దదాన్ని, ఈ శాతాలు నాకు తెలియవు. నా పిల్లలిద్దర్నీ ఎన్నింటికి పడుకోబెట్టానో కూడా గుర్తులేదు. ఇప్పుడు నా కొడుకు మనవళ్ళని ఏడింటికే పడుకోబెడతాడు. నేను ఫోన్ చేసేసరికి "ఇప్పుడే పడుకున్నారమ్మా, మెల్లగా మాట్లాడు" అంటాడు. ఆదివారం తప్ప వాళ్ళ గొంతు వినను. క్రమశిక్షణ మంచిదే తల్లీ, కాదనను. ఎవరి పిల్లలు వాళ్ళిష్టం.

చీకటిగది

పాతకాపు గారూ, మీ బాధ అర్థమైంది, కానీ దానికి నిద్రవేళ మార్చక్కర్లేదు, ఫోన్ వేళ మార్చుకుంటే చాలు.

ఆరుబయట గారికి: పదిమందే అయితేనేం, ఆ తర్వాత అక్కడే ఇంకొంతమంది పిల్లల మీద చేసి, మసక వెలుగుకి కూడా మెలటోనిన్ బాగా తగ్గుతోందని చూశారు. మీ ఎండలో తిరిగిన పిల్లల సిద్ధాంతానికి మీ దగ్గరున్న రుజువేంటి? చీమ కథా?

వేపపుల్ల

ఎవరూ అడగలేదు గానీ చెప్తున్నా. సాయంత్రం బయట ఆడి వచ్చాక మా చిన్నది రాత్రంతా ముక్కు ఎగబీల్చేది, మేం నిద్ర పట్టక అనుకున్నాం. పుప్పొడి పడట్లేదని డాక్టరు తేల్చారు. వచ్చీ రాగానే బట్టలు మార్చి తల కడిగితే తగ్గింది. బయట వేసుకున్న బట్టలతో మంచం ఎక్కనివ్వకండి.

ఆరుబయట

చీకటిగది గారూ, చీమని వెక్కిరించారు, సరే. గదికి టేపులు అంటించి, బయట పిల్లలంతా ఆడుకునే గోల వినబడుతుంటే లోపల మీ పిల్లల్ని పడుకోమని కూర్చోబెట్టేవాళ్ళు నాకు పెంపకం చెప్తారా? అది పడకగది కాదు, కొట్టు. పిల్లల నిద్ర కోసం కాదు, మీరు ప్రశాంతంగా కూర్చోడానికి పడుకోబెడుతున్నారు. ఆ మాట ఒప్పుకోండి, చాలు.

నిర్వాహకుడు

వ్యక్తిగతంగా వెళ్ళకండి. ఇంకొక్కసారి ఇలా రాస్తే చర్చ మూసేస్తాను.

చీకటిగది

మూయొద్దు, జవాబిచ్చాక మూయండి.

అవును, ఒప్పుకుంటున్నాను. నేను కూర్చోడానికే. ఉదయం ఆరుంపావుకి చిన్నాడు నా మొహం మీద చెయ్యేసి లేపుతాడు. అప్పట్నుంచి ఏడున్నర దాకా నేను ఒక్క పనీ మొదలుపెట్టి పూర్తి చెయ్యలేదు. మెలటోనిన్ నిజమే, కర్టెన్ నిజమే, అవన్నీ నేను చదివింది కూడా నిజమే. ఎందుకు చదివానో తెలుసా? మా ఇంట్లో "నాకు అలుపొచ్చింది" అంటే ఎవరూ వినరు. "పరిశోధనలో తేలింది" అంటే వింటారు.

మా ఆయన కూడా మీలాగే. ఏడింటికి వస్తారు, ఇద్దర్నీ భుజాల మీద ఎక్కించుకుని బయటికి తీసుకెళ్తారు, కేరింతలు. ఎనిమిదికి వెనక్కి తెచ్చి గుమ్మంలో దింపుతారు. ఒకడి సాక్సు నిండా ఇసుక, ఇంకోదాని మోకాళ్ళకి పచ్చిగడ్డి పసరు, ఇద్దరికీ నిద్ర ముంచుకొచ్చి ఏడుపు. అక్కడితో ఆయన వంతు అయిపోయింది. ఆ ఏడుస్తున్న ఇద్దరికీ నీళ్ళు పోసి, బట్టలు మార్చి, తినిపించి, జోకొట్టేసరికి తొమ్మిదిన్నర. ఆ ఒక్క వారం భరించాను. ఎనిమిదో రోజు టేపు కొన్నాను.

మీరు ఆడించాక కాళ్ళు కడిగేది ఎవరండీ?

గోడమీదపిల్లి

...

నక్షత్రకుడు

అక్షాంశం గురించి ఎవరూ రాయలేదు.

కొత్తనాన్న

కాళ్ళు మా ఆవిడే కడుగుతుంది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

ఆరుబయట

నిన్న రాత్రే చూశాను, వెంటనే జవాబు రాయలేకపోయాను.

మా ఆవిడే కడుగుతుంది.

కొట్టు అన్నందుకు క్షమించండి. కానీ నా వైపు కూడా ఒకటుంది, అదీ చెప్తాను. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నేను ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రలో ఉండేవాళ్ళు. పొద్దున్న నేను బయల్దేరేప్పుడూ నిద్రే. మా పాప ఒకసారి వాళ్ళమ్మని "నాన్న ఆదివారం వస్తాడా?" అని అడిగిందట. నేను అదే ఇంట్లో పడుకుంటున్నానండీ. పొద్దు పెరిగాక మొదటిసారి నేను వచ్చేసరికి బయట వెలుగుంది, వాళ్ళు మెలకువగా ఉన్నారు. ఆ ముప్పావుగంట కోసం నేను గ్వాంగ్‌జౌ దాకా వెళ్ళాను. మీరు కూర్చోడానికి చదివితే, నేను పిల్లల్ని చూడ్డానికి చదివాను. అంతే తేడా.

పాతకాపు

ఆదివారం మాట నాకు తగిలింది బాబూ.

చీకటిగది

క్షమాపణ అందింది. మీ పాప మాటకి నాకూ కష్టంగానే ఉంది. కానీ మీకు కావలసిన ముప్పావుగంట మీ ఆవిడ రాత్రిలోంచి పోతోంది. అది మాత్రం గుర్తుపెట్టుకోండి. ఏడింటికి వచ్చేవాళ్ళు ఏడుంపావు దాకా బయట ఆడించి, లోపలికొచ్చాక నీళ్ళు పోయడం, బట్టలు, కథ, అన్నీ వాళ్ళే చూసుకుంటే నాకేం అభ్యంతరం లేదు. నీళ్ళు పోయడం కూడా పిల్లల్తో ఉన్నట్టే లెక్క. అక్కడ చీమలుండవు గానీ కబుర్లుంటాయి.

రెండుజడలు

నాలుగు రోజులైంది రాయక. మొత్తం చదివాను. ఏడుంపావు, ఎనిమిదిన్నర అని అడిగింది నేనే, కానీ ఆ రోజు మా ఇంట్లో జరిగిన గొడవ టైము గురించి కాదని ఇప్పుడు తెలుస్తోంది. ఆయన "కొంపలు మునగవు" అన్నది సోఫాలో కూర్చుని. నేను అప్పుడు చిన్నాడి తల తుడుస్తున్నాను. నాకు కోపమొచ్చింది ఆ సోఫా మీద.

చీకటిగది గారి పోస్టు, ఆరుబయట గారి పోస్టు రెండూ ఆయనకి చదివి వినిపించాను. ఏం మాట్లాడలేదు. తర్వాత రోజు త్వరగా వచ్చారు. బయటికి తీసుకెళ్ళారు. తిరిగొచ్చాక తిన్నగా బాత్రూంలోకి వెళ్ళి లోపల్నుంచి అరిచారు, "వీళ్ళ సబ్బు ఎక్కడుంటుంది?" అని. ఇరవై నెలలుగా ఒకేచోట ఉంటోంది.

పెద్దది కర్టెన్ ఇంకా ఎత్తుతూనే ఉంది. రోజుకి పది నిమిషాలు చొప్పున వేళ కాస్త ఆలస్యం చేసి చూస్తున్నాం. చిన్నాడు మాత్రం ఎప్పటి వేళకే పడిపోతున్నాడు, వాడికి వెలుగుతో పనిలేదు. ఇద్దరికీ ఒకే వేళ పెట్టడం నా పొరపాటేమో.

ఆరుబయట

సబ్బు సంగతి నేనూ అడగాల్సొచ్చింది. మాకు రెండు సబ్బులట.

చీకటిగది

రెండుజడలు గారూ, నిన్న పెద్దమ్మాయి ఎన్నింటికి పడుకుంది?

రెండుజడలు

ఎనిమిదింపావు.

చీకటిగది

నల్ల కర్టెన్ వేస్తే ఏడున్నరకే పడుకునేది.

ఆరుబయట

మళ్ళీ మొదలు.